రేపు నాలుగున్నరకు, లింబాద్రీ

లింబాద్రీ,
రేపు పొద్దుగాల అజాన్ ఇనవడకముందే వ్యాను వస్తది.
సజ్జా దిక్కు, ఇసుక నడుమ తారుమైదానం.
ఎండ లేవకముందే క్లాసు. లేచినంక
ఆ తారుల బండి స్టాండు దిగబడ్తది.
ఒక పెప్సీ డబ్బా తొక్కి, చదును జేసి జేబుల వెట్టుకో,
స్టాండు కింద ఏసెతందుకు.
నాకెవరూ చెప్పలే. నేను చెప్తున్న.

నిండు చేతుల అంగీ, చీలమండలు మూసే బూట్లు.
చెప్పులతోని పోతే గేటుకాడనే మర్లగొడ్తరు.
హెల్మెట్లు వాళ్ళయే, షార్జాల ఉన్నోళ్ళందరి చెమట దాంట్లనే.
తలకు రుమాలు గట్టుకో.
లోపల నీ ఊపిరి నీకే ఇనవడ్తది,
కడవల మూతి వెట్టి మాట్లాడినట్టు.

మెట్‌పల్లిల పదేండ్లు బండి నడిపిన అంటవు గదా,
ఎనుక ఇద్దరిని ఎక్కించుకొని, ట్యాంకు మీద యూరియా సంచి వెట్టుకొని.
ఆ మాట అక్కడ అనకు.
నేను అన్న.
ఉస్తాద్ గుల్‌జమాన్ నవ్వలే, కోపం జెయ్యలే,
తాళంచెవి తీసి తన జేబుల ఏసుకున్నడు.
"ధకేలో" అన్నడు.
ఆ దినమంత ఇంజన్ చప్పుడే లేదు.
మైదానం చుట్టూ బండిని నూకుడే,
మొండి దూడను సంతకు తోలినట్టు,
అది ఎటు ఒరిగితే బరువెటు పోతదో
నడుముకు తెలిసేదాక.

రెండో దినం పండవెడ్తరు.
బండిని. కావాలనే.
లేపుమంటరు. చేతులతోని గుంజితే ఇంచు కదలది.
దానికి వీపు ఆనిచ్చి, మోకాళ్ళు వంచి,
ఎనుకకు అడుగులేసుకుంట లేపాలె.
మార్కెట్‌యార్డు హమాలోళ్ళకు ఇది ఎవరూ నేర్పలే.

క్లచ్చు మొత్తం వట్టకు, మొత్తం ఇడువకు.
నడుమ ఒక చోటుంటది,
బండి గుటకేసినట్టు మెల్లగ కదుల్తది.
నాకు ఆ చోటు దొరికెతందుకు మూడు దినాలు.
టేక్ బహదూర్‌కు, జన్మల బండి ముట్టనోనికి,
ఒక్క గంట.
సెలూన్ల కత్తి వట్టిన ఏళ్ళు గదా.

ముందు బ్రేకు మనం ముట్టం, పల్టీ గొడ్తదని.
ఇక్కడ అదే అసలుదంటరు.
గుంజకు, పిండు. బర్రె పొదుగు వట్టినట్టు,
మొదలు మెల్లగ, తర్వాత గట్టిగ.

ఇగ కోన్లు. ఎర్రగ, మోకాలెత్తు.
"నజర్ జిధర్, గాడీ ఉధర్" అని అరుస్తనే ఉంటడు ఉస్తాదు.
కోను దిక్కు చూడొద్దు, చూడొద్దు అనుకుంటనే చూసిన.
ఏడు గొట్టిన.
వడ్డీ లెక్కలు యాదికి తెచ్చుకోవద్దనుకునుడు గూడ ఇట్లనే.
ఫెయిలైతే మళ్ళ ఫీజు, జీతంల కోస్తరు,
గది యాదుంచుకో, కోను దగ్గర మాత్రం మర్చిపో.

ఇక్కడ కుడిపక్క నడపాలె.
మన మెడ ఊర్ల అలవాటుకు తిరుగుతది.
దాన్ని కొత్తగ తిప్పుడు నేర్చుకో.
లైను మారేముందు అద్దం చూడు,
మళ్ళ భుజం మీదికెల్లి ఎనుకకు చూడు.
అద్దం సగమే చెప్తది.
చూడకుంటే మైదానంల మార్కులు పోతయ్.
బయట రింగురోడ్డు మీద

నువ్వు పండే మంచం ఎవరిదని అడుగలే, నేను చెప్పలే.
ఓదెలుది.
ఎనిమిది గీత మీద బండిని
సూదిల దారమెక్కిచ్చినట్టు నడిపెటోడు.
ఫస్టు సారికే పాసైండు, గదికి జిలేబీ తెచ్చిండు.
కాలుల రాడ్లేసుకొని ఇంటికి పోయిండు.
ఎనుకకు చూసుడొక్కటే, లింబాద్రీ.
ఆనాడు ఆర్డరు లేటైందట.

వాని గ్లౌజులు అలమారల ఉన్నయ్.
నీకు వదులైతయ్, ఐనా తీస్కపో.
ఏళ్ళు పాడుగావు.

ఇంకో మాట.
వారం దినాలు నిద్రల నీ ఎడమకాలు గేర్లేస్తది,
మంచమంత ఊగుతది,
కింద పన్నోడు తిడ్తడేమోనని భయపడకు.
కింద పన్నోణ్ని నేనే.
ఏ గేర్ల ఉన్నవని అడుగుత, గంతే.
న్యూట్రల్‌కు తెచ్చి పండు.