దొరికినా పోయినట్టే

కోట గోడ మీద ఎండ ఇంకా వడలే.
గౌస్ భాయ్ జేబుల కెల్లి గడియారం తీసి కీ ఇస్తడు.
అందరికి ఫోన్లున్నయి గని
మా కాడ మూడు నిమిషాలంటే ఆయన గడియారంల మూడు నిమిషాలే.
అంతల దొరకకుంటే బంతి పోయినట్టు.
తర్వాత కాలికి తగిలినా పోయినట్టే.

నేను బ్యాగు మోసెటోన్ని. పద్నాలుగేండ్లాయె.
బడి ఏడుల ఆగింది.
బంతి చదువు మాత్రం ఫతే దర్వాజా కాడ ఇరానీ హోటల్ల
గౌస్ భాయ్ చెప్పిండు, సాసర్ల
ఉస్మానియా బిస్కెట్ ముక్క పెట్టి:

"దేఖో ఈదయ్యా, కొట్టినవ్. ఇది ఇగ ఆటల ఉన్నది.
రాతి సందుల వడ్డా ఆటలనే, బురదల దిగవడ్డా ఆటలనే.
ఆగిన బంతిని కుక్క ఎత్తుకపోయిందా?
అదే జాగల మళ్ల పెట్టు, జుర్మానా లేదు.
గాలికి దొర్లిందా? గాలి ఎవ్వని మనిషి గాదు,
దొర్లిన కాడికెల్లే కొట్టు.
ఊగి, మళ్ల అదే తావుకొచ్చి ఆగిందా?
అయితే కదల్లేదు."

కండ్లార ఊగుడు చూసినంక కదల్లేదంటవేంది భాయ్, అన్న.
ఆయన ఆ బంతిని చాయ్‌ల ముంచి తిన్నడు.

తెల్ల కర్రల అవతల మా బస్తీ.
బంతి మొత్తం గీత దాటితేనే బయట.
గోరంత ఇవతల ఉన్నా లోపలనే.
మా రేకుల మీద టప్పున వడ్డదంటే మాత్రం
దానికి ఏ రూలూ అక్కెర లేదు,
మా అమ్మ తిట్లు చాలు.

మొన్న ఐతారం, నెలవారీ పోటీ.
పదకొండో హోలు. కృపాకర్ సారు,
కరెంటాఫీసుల పెద్ద కొలువు జేసి దిగినాయన,
బంతిని ఎడమకు గుంజి రాళ్లల్లకు వంపిండు.
తక్కినోళ్లు నీళ్ల కుండ కాడ ఉన్నరు.
సారుకు కోపమొచ్చింది. జేబుల ఇంకో బంతి తీసిండు,
పెట్టిండు, కొట్టిండు.

దాని ముందర ఒక మాట అనాలె. ప్రొవిజనల్, అని.
ఆ మాట అంటే మొదటి బంతి పానం నిలుస్తది.
అనకుంటే కొత్తదే బంతి. పాతది
ఎంత తెల్లగ మెరిసినా
రాళ్లల్ల ఒక రాయి.

నేనే దొరకవట్టిన.
సీతాఫలం చెట్టు మొదట్ల, ఎండుటాకుల మీద,
ఎవరో చేత్తోని పెట్టినట్టు.
నీలం ఇంకుతోని సారు వేసుకున్న మూడు చుక్కలు.
గౌస్ భాయ్ గడియారం చూసిండు: నిమిషం నలభై.
సారు మొకం పూసింది.

అప్పుడు స్కోరు రాసే అర్జానీ సాబు అడిగిండు,
రెండోది కొట్టేముందు మాట అన్నరా అని.
"అన్నగా! ఈదయ్య పక్కనే ఉండె.
ఏమయ్యా, విన్నవు కదా?"

నెమలొకటి కోట దిక్కు నుంచి అరిచింది.
బ్యాగు పట్టీ భుజం కోస్తున్నది.
నవనీత బడి ఫీజు ఇంకా రెండు కిస్తులు.
గౌస్ భాయ్ నా దిక్కు చూడలే,
గడియారానికి మళ్ల కీ ఇస్తున్నడు, నిండ ఉన్నదానికే.

"మీ పెదవులు ఊగినయి సార్" అన్న.
"ఊగి, మళ్ల అదే తావుకొచ్చి ఆగినయి."

ఎవరూ నవ్వలే.
సారు కార్డు మీద ఏం రాసిండో నేను చూడలే.
కొత్త బంతి కాడికే నడిచిండు, నాకంటె ముందు,
పద్దెనిమిదో హోలు దాంక ఒక్క మాట లేదు.
గుత్తి పైసలు ఇచ్చిండు, పైన చాయ్ పైసలు ఇయ్యలే.
ఈ ఐతారం ఆయన బ్యాగు సత్తార్ మోసిండు.

పాత బంతి నా అంగి జేబులనే ఉండిపోయింది.
ఇయ్యవోతే సారు చెయ్యి ఊపిండు,
ఉంచుకో అనో, పో అనో.

ఇంట్ల నవనీత దాన్ని గడప మీద దొర్లిస్తున్నది.
సగం లోపల, సగం బయట,
ఊగుతున్నది.
"నాయినా, ఇది ఎవరిది?" అంటది.
ఆగనియ్యి బిడ్డా, అన్న.
ముందు ఆగనియ్యి.