క్లచ్ కాలు

హనుమంతవాక ఎత్తు ఎక్కుతుండగా మొదటిసారి
నా కాలు నాకే ఎదురుతిరిగింది.
రెండో గేరుకి దించుదామని క్లచ్ తొక్కితే
పిర్రలోంచి బొటనవేలిదాకా
ఎవరో వెల్డింగు పుల్ల గీసినట్టు.
బండి ఆగలేదు. నేనే ఆగాను, లోపలెక్కడో.
వెనక సన్యాసమ్మ "టికెట్, టికెట్" అంటూనే ఉంది.

ఆ తర్వాత అది నాకంటే కచ్చితంగా టైము పాటించింది.
తెల్లారి నాలుగున్నరకి నడుములో బయల్దేరి
తొడ వెనకా పిక్క పక్కనా
ఒక్క స్టాపూ వదలకుండా వేలిదాకా వచ్చి
మళ్ళీ వెనక్కి.
తువ్వాలు మడిచి సీటు మీద వేసుకున్నాను.
మా బావ ఇచ్చిన ఆముదం పట్టు వేశాను.
అప్పుఘర్ దగ్గర ఎవరో చెప్పారని
వేడి ఇసకలో కాలు పూడ్చుకుని కూర్చుంటే
పక్కన గూళ్ళు కట్టుకునే పిల్లలు
నా మోకాలి మీద కూడా ఓ గోపురం పెట్టి పోయారు.

చివరికి కేజీహెచ్. ఆ ఎత్తు నడవలేక
ఆటో మాట్లాడుకున్నాను, బస్సు డ్రైవర్ని.

డాక్టర్ వెరోనికా ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తి
"డిస్కు కాస్త బయటికొచ్చింది.
కానీ మిమ్మల్ని ఏడిపించేది దాని ఒత్తిడొక్కటే కాదు,
నరం చుట్టూ చేరిన వాపు.
స్టెరాయిడు ఆ వాపుని చల్లారుస్తుంది.
నరానికి ఊపిరాడితే నొప్పి తగ్గొచ్చు" అంది.

తగ్గొచ్చు.
ఆ 'వచ్చు' దగ్గర కాసేపు బ్రేకు మీద కాలుంచాను.

స్టెరాయిడంటే నాకు తెలిసింది
జిమ్ములో కండలు పెంచే కుర్రాళ్ళ మందు.
"అది వేరే తెగ. ఇది మీ ఒంట్లోనే పుట్టేదానికి చుట్టం" అని నవ్వింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు
వంతెన లేనప్పటి ఎన్ఏడీ కొత్తరోడ్డు.
ఎవడిదో గోడ రోడ్డు మీదికి జానెడు జరిగింది.
జానెడే కదా, బండి పడుతుంది.
కానీ ఆ గోడ చుట్టూ తోపుడుబళ్ళు, ఆటోలు,
చూడ్డానికి ఆగినవాళ్ళు,
ఆగినవాళ్ళని తిట్టడానికి ఆగినవాళ్ళు,
అందరి హారన్లూ కలిసి ఒకటే మంట.
హోంగార్డు వచ్చేవాడు. గోడ జోలికి పోడు.
"కదలండి బాబూ, ఏటి సూస్తన్నారు" అని
గుంపుని పలచన చేసేవాడు, అంతే.
ఇరుకు ఇరుకుగానే ఉండేది. బండి మాత్రం దాటేది.
వాడు డ్యూటీ దిగాక ఏమయ్యేదో
రోజూ ఆ దారిన పోయేవాణ్ణి, నాకు ఒకరు చెప్పాలా?

బోర్లా పడుకోబెట్టారు.
చల్లటి దూది. సూది.
కాలంతా ఒక్కసారి బరువెక్కింది,
పాత నొప్పి హాజరు పలికినట్టు.

మొదటి రోజు ఏమీ లేదు.
రెండో రోజు ఇంకాస్త ఎక్కువే.
షుగరు మాత్రం రెండొందల ఎనభైకి ఎగబాకింది,
పైడమ్మ నా కంచంలో అన్నం లాగేసి చోడి అంబలి పోసింది.

ఐదో రోజు ఒంటికాలి మీద నిలబడి చెప్పు తొడుక్కున్నాను.
తొడుక్కున్నాక తెలిసింది, ఒంటికాలి మీద నిలబడ్డానని.
వెతికాను. పిర్ర నొక్కి చూశాను, పిక్క పిండి చూశాను.
బొటనవేలి మీద రూపాయి బిళ్ళంత మొద్దు చోటు,
దిగడం మర్చిపోయిన ప్యాసింజరులా, ఉండిపోయింది.

ఎన్నాళ్ళో ఆవిడా చెప్పలేదు.
కొందరికి నెలలు, కొందరికి అసలు పనిచెయ్యదట.
కాగితంలో మందుల కంటే కసరత్తులెక్కువ.
హోంగార్డు ఉన్నప్పుడే గోడ సంగతి చూసుకోవాలి.

ఇవాళ నా బండిని వేరేవాడు తీశాడు.
నేను సన్యాసమ్మ పక్క సీట్లో.
హనుమంతవాక దగ్గర వాడు గేరు ఆలస్యం చేశాడు.
ఇంజను దగ్గింది.
నా ఎడమ కాలు ఎవరూ అడక్కుండానే
ఖాళీ రేకుని అడుగుదాకా తొక్కింది.

"ఏటి, నొప్పా?" అంది సన్యాసమ్మ.
"కాదు," అన్నాను. "గేరు."