అడ్డం ఒకటి

ఆదివారం అనుబంధానికి గళ్ళు కట్టడం
పదహారేళ్ళుగా నా పని.
గవర్నర్‌పేటలో మేడమెట్ల కింద గది,
గోడకు అటువైపు పుల్లట్ల పెనం చుయ్యిమనే చప్పుడు,
పదమూడు అడ్డం, పదమూడు నిలువు,
తలకిందులు చేసినా మారకూడని నలుపు.

దురద దుంపకు సున్నా చుడితే పద్యం: కందం.
కరిగితే అచ్చక్షరం, సాగితే పద్యం: సీసం.
పాదం మధ్యలో ఆగిన సన్యాసి: యతి.
ఇవి నా పాత బియ్యం,
ఎప్పుడు ఎసట్లో పోసినా ఒదుగుతాయి.

ఆ వారం ఎందుకో ఫ్రెంచి మీదికి పోయింది మనసు.
వెతికితే ఊరినిండా వాళ్ళ మాటలే,
అద్దెకు దిగి ఇల్లు ఖాళీ చెయ్యనివి.
హోటలు, మెనూ, కూపను.
కర్ఫ్యూ కూడా వాళ్ళదేనట,
నిప్పు మీద మూత అని అర్థమట.
ఎనభై ఎనిమిది డిసెంబరులో
మా వీధి చివర మైకులో ఆ మాట తిరిగినప్పుడు
పాలపొడి కలుపుతున్న మా అమ్మ
స్టవ్వు ఆర్పేసింది, అర్థం తెలియకుండానే.
రెండు గడులు చాలు దానికి.
గీశాను. చెరిపేశాను.

అడ్డం ఒకటి మాత్రం ఇలా కుదిరింది:
"పారేదాన్ని ఆపి నిలబెట్టేది.
పుట్టిల్లు ఫ్రాన్సు, మెట్టినిల్లు బెజవాడ (3)."
నాకు నేనే మురిసిపోయాను.
కృష్ణకు అది అడ్డమేగా మరి.

బుధవారానికి కార్డులు వచ్చాయి,
గళ్ళు కత్తిరించి మైదాతో అంటించినవి.
నూట పద్నాలుగు బ్యారేజీలు,
ఒక గ్యారేజీ,
ఒక ఖాళీ.

గ్యారేజీ షేక్ కాలేషాది, ఆటోనగర్ మూడో రోడ్డు.
"అమ్మా, నీళ్ళు పారతాయి, ఒప్పుకుంటా. లారీలు పారవా?
ఆపి, జాకీ ఎత్తి, నిలబెట్టేది నేనేగా.
ఇదీ ఫ్రెంచే అన్నాడు మా షెడ్డుకొచ్చే కుర్రాడు,
గుంటూరులో ఇంటరు, మార్కుల కోసం ఆ భాష తీసుకున్నాడులెండి."

రే కింద రేవు కుదిరింది.
జీ కింద జీలకర్ర కుదిరింది.
మొదటి గడికి నేనే నిలువు కట్టలేదు.

ఖాళీ, కొరిటెపాడు సిసీలియమ్మది.
ఒక గడిలో బ, ఒక గడిలో రాజ్. అంతే.
"మా నాన్న యానాంలో దొరల కచేరీ గుమాస్తా.
బరాజ్ అనేవారు. ఆఖరిది రాస్తారు గానీ పలకరు.
మూడో గడిలో ఏం రాయాలో తోచక
దాని చోటు దానికి ఉంచేశాను."

రాసిందల్లా పలికే భాషలో పుట్టినదాన్ని,
ఆ గడి వంక చాలాసేపు చూశాను.
ఖాళీ వదిలితే తప్పు కింద లెక్క.
ఆ రూలు పెట్టింది నేనే.

"ఒక గడికి ఒక అక్షరమేనండీ," ఫోనులో ఎడిటరు విన్నకోట గారు,
"యాభై రూపాయల బహుమతికి పంచాయితీ ఎందుకు?"

సాయంత్రం బ్యారేజీ మీదికి నడిచాను.
డెబ్బై గేట్లు. కొన్ని ఎత్తి, కొన్ని దించి.
తెల్లగడి, నల్లగడి,
నీళ్ళు నింపుకుంటూ పోయే జవాబు
అని ఏదో అనుకోబోతుంటే
వెనక నుంచి చేపల బుట్ట సైకిలు బెల్లు:
"అమ్మా, కాస్త అడ్డం తప్పుకోండి."

వచ్చే ఆదివారం సవరణ వేయించాను, చిన్న అక్షరాల్లో:
అడ్డం ఒకటికి మూడూ ఒప్పే.

కాలేషా కార్డు పారేయలేదు.
అయిదో వరసలో గ్రీజు వేలిముద్ర,
నేను తెల్లగా వదిలిన చోట.
లెక్క ప్రకారం ఎక్కడో ఒకచోట
దానికి జోడీగా ఇంకో నలుపు ఉండాలి.
తిప్పి చూశాను.
చిరునామా వైపు,
నా పేరు మీద,
బొటనవేలిది.