నలభై సెకన్ల వెనక

మా ఊళ్ళో గాలిని పైకి తిట్టరు, వింటుందని.
మైకుకి గొర్రె ఉన్ని తొడుగు నేనే అల్లాను,
కెమెరా స్టాండుకి నిండు చేపల పెట్టె వేలాడదీశాను.
ఫారో దీవుల్లో, రోడ్డు ఆగిపోయే చోట,
కొండవాలు శ్మశానంలో ఇవాళ కెమెరా నాది.
మిగతా రోజుల్లో చేపల వేలంపాట లెక్కలు రాస్తాను.

పెట్టెలో ఉన్నది త్రోండుర్, మా మేనమామ చిన్న కొడుకు.
వాడి అన్న హేరి బారెంట్స్ సముద్రంలో,
వలలు నీళ్ళలో ఉన్న ఓడలో.
ఆ ఓడ ఒక్కడి కోసం వెనక్కి తిరగదు.

నిన్న రాత్రి పరీక్ష పెట్టుకున్నాం.
ఫోన్లో ఒకటీ రెండూ అంటూ, కెమెరాకి వేళ్ళు చూపించాను.
"నీ గొంతు పది దాటింది సున్వా,
చేతులింకా జేబులోనే ఉన్నాయి" అన్నాడు.
నా మొదటి వేలు వాడికి కనపడేసరికి
నేను నలభై దగ్గరున్నాను.

ఎందుకంత?
చేపలవాడికి చేపల్లోనే చెప్పాను.
పట్టింది పట్టినట్టు ఎవరం పంపం కదా.
బొమ్మని ఒక యంత్రం నొక్కి, ముళ్ళు తీసి, పలచన చేస్తుంది.
ఆరేసి సెకన్లు ఒక పెట్టెకి సర్దుతుంది,
పెట్టె నిండందే మూత పడదు.
అది కోపెన్‌హాగన్ గోదాముకి పోవాలి,
అక్కణ్ణించి ఆకాశానికి,
ఆకాశం నించి నీ ఓడ కప్పు మీది గిన్నెలోకి.
అప్పుడైనా నీ తెర విప్పుతుందా?
మూడు పెట్టెలు చేతిలో ఉంటే తప్ప వడ్డన మొదలెట్టదు,
పంక్తి మధ్యలో గరిటె ఖాళీ అయితే పరువు పోతుందని.

తగ్గించవా, అన్నాడు.
తగ్గించాను. పెట్టెకి రెండే సెకన్లు, చేతిలో ఒకటే పెట్టె.
ఆలస్యం పదికి దిగింది.
కొండ మీద మబ్బు కదిలి, ఆగి,
నా మొహం గళ్ళు గళ్ళుగా సగంలో నిలబడిపోయింది.
మధ్యలో ఆ తిరిగే చక్రం.
హేరి చాలాసేపు మాట్లాడలేదు.
"వాణ్ణి అలా సగంలో చూడలేను.
ఆలస్యంగానే పంపు. ముక్కలు చెయ్యకు."

ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందంటారు.
ఆ మాట అన్నవాడికి
విషమే వడ్డించాల్సిన రోజు వచ్చి ఉండదు.

పాస్టరు మూడుసార్లు మట్టి వేశాడు.
మూత మీద ఆ చప్పుడు అయిపోయింది.
ఇక్కడ తాళ్ళు చుట్టచుట్టి గడ్డిలో పడేశారు,
అక్కడ తాళ్ళింకా చేతుల్లోంచి జారుతున్నాయి.
ఇక్కడ పారలు లేచాయి,
అక్కడ వాడు ఇంకా నేలకి పైన.
ఆ కాస్త మేర
మాకు లేడు, అన్నకి ఉన్నాడు.
ఫోన్ జేబులో గట్టిగా పట్టుకున్నాను.
మాట సెకనులో పోతుంది,
బొమ్మ కంటే ముందు పరిగెత్తి చెప్పేస్తుంది.

పాట అయ్యింది. జనం కాఫీకి దిగిపోయారు.
పాస్టరు టోపీని గాలి ఎత్తుకుపోతే
పిల్లలు వెంటపడ్డారు, నవ్వకూడదని నవ్వుతూ.
ఎర్ర బొత్తాం మీద వేలు పెట్టాను.
అక్కడ ఇంకా పాడుతున్నారు.
పాట మధ్యలో కుర్చీలు మడిచే మనిషిని కాలేక
నలభై లెక్కపెట్టాను.
తర్వాత ఇంకో నలభై. ఎందుకో తెలీదు.

ఆ రెండో నలభైలో ఒక గొర్రె వచ్చింది.
కొత్త మట్టి వాసన చూసి, నచ్చక,
పక్కనే గడ్డి కొరికి, రాతిగోడ దూకి పోయింది.

నేను స్టాండు విప్పుతుంటే ఫోన్ కదిలింది.
"ఆ గొర్రె మనదేనా? చెవి కోత చూసి చెప్పు."

గోడ దాకా వెళ్ళి చూశాను. పొగమంచు.
హేరి తెర మీద అది ఇంకా
తమ్ముడి పక్కన మేస్తూనే ఉండి ఉంటుంది.

మనదే, అని రాశాను.