మంగళవారం మూత

ఆఖరి పార్సిల్ పోయింది, షట్టరు సగం దించేశాం.
రా ఓబులేసూ, లుంగీ ఎగ్గట్టు.
ముక్కు మూసుకోకు. రెండు నిమిషాల్లో అదే అలవాటవుతుంది;
నాకు తొమ్మిదేళ్ళుగా అవుతూనే ఉంది.

కొక్కెం ఇట్లా దూర్చి, అట్లా వాల్చి లాగు.
చూశావా, వారం వంట!
బుధవారం గోంగూర మాంసం, శుక్రవారం రొయ్యల వేపుడు,
ఆదివారం మూడు డేగిసాల బిర్యానీ
అన్నీ ఒకే రంగుకొచ్చి
చలికాలపు నేతిగిన్నెలా పేరుకున్నాయి.

దీనికి మూడు గదులు.
మెతుకులు మునుగుతాయి, కొవ్వు తేలుతుంది,
మధ్యనున్న నీళ్ళు మాత్రం
అడ్డుపలక కిందుగా తలొంచుకుని వెళ్ళిపోతాయి.
ఈ కర్ర ముంచు. గీత తడిసిందంటే పావు నిండినట్టు.
పావు దాటాక ఇది తొట్టి కాదు, ఉత్త దారి.

వేడినీళ్ళు కుమ్మరిస్తే కరిగిపోదా అంటావు.
నేనూ అన్నాను.
కరుగుతుంది. కరిగి, బొమ్మనహళ్ళి రోడ్డు కింద
చల్లటి సిమెంటు గొట్టంలో, మన కంటికి ఆననంత దూరాన
మళ్ళీ గడ్డకడుతుంది.

ఆ ఏడు మే నెల వాన.
ఆదివారం మధ్యాహ్నం, బయట టోకెన్లు పట్టుకుని నలభైమంది.
లోపల గిన్నెల దగ్గర కుళ్ళాయమ్మ కేకేసింది:
"నీళ్ళు ఎనక్కొస్తాండాయి!"
మనకు మడమ దాకే.
కింద సెల్లార్లో షెణై జిరాక్సు కొట్టు,
అక్కడ మోకాలి దాకా.
కాలేజీ పిల్లల రికార్డులు, ఎవరిదో అద్దె ఒప్పందం,
వాటి మధ్య ఈదుతూ మన కరివేపాకు.

తిడతాడనుకున్నా.
ఒక కాగితం తీసి ట్యూబులైటుకు ఎత్తి పట్టాడు.
నూనె తాగిన కాగితం;
వెనక పేజీ అక్షరాలు తిరగబడి
ముందు పేజీ మీదికి వచ్చి కూచున్నాయి.
"నోడి" అన్నాడు. అంతే.
చూశాను. ఒక్క ముక్కా చదవలేకపోయాను.

మర్నాడు ఓనరు ఐదు వందలు నా చేతిలో పెట్టి
"ఎవర్నో ఒకర్ని దింపు" అన్నాడు.
వచ్చాడొకడు, నీ ఈడువాడే.
చొక్కా విప్పి, మ్యాన్‌హోలు అంచున కూచుని
కాళ్ళు లోపలికి వేలాడేశాడు.
కుళ్ళాయమ్మ పరుగున వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది.
సబ్బు చెయ్యి, జారిపోతోంది, అయినా వదల్లేదు.
"బువ్వ తిన్యావా నాయినా?"
"లేదు."
"లెయ్. ముందు తిను."
వాడు రెండో సారి చారు పోయించుకునేలోగా
నేను మిషను లారీకి ఫోను చేశాను.
ఆరు వేలయింది. ఓనరు నా జీతంలో రెండు వేలు పట్టుకున్నాడు.
ఇంకా ఇవ్వలేదులే.

సరే, గరిట అందుకో. పైపైనే ఎత్తు, కలపకు.
మూతున్న డబ్బాలోకి.
రోడ్డు కాలువలోకి కాదు, ఎంత చీకటైనా.
పూరీలు వేయించిన నూనె వేరే టిన్ను,
గురువారం బండివాడొస్తాడు.
కుళ్ళాయమ్మ ప్రతి పళ్ళేన్నీ కడిగేముందు
అరటాకు ముక్కతో తుడుస్తుంది, చూడు;
ఆలస్యమని ఓనరు కసురుతాడు.
ఆమె జ్వరంతో పడుకున్న వారం
ఈ కర్ర మీద తడి రెండు వేళ్ళు పైకెక్కింది.
రిజిస్టర్లో రాసిపెట్టాను, ఆయన చదవడు.

నువ్వూ రాయి. తారీఖు, ఎన్ని వేళ్ళు, నీ పేరు.
పొట్టి సంతకం కాదు, పేరు మొత్తం.
వంకరైతే ఏం, రాయి.

మూత సరిగ్గా కూచుందా, కాలితో తొక్కి చూడు.
చప్పుడు రాకూడదు.
కింద షెణై ఇంకా పనిలోనే ఉన్నాడు.
మిషను వెలుగు మెట్ల మీదికి పాకి,
వెనక్కి పోయి,
మళ్ళీ పాకుతోంది.