పోను రాను

హుద్‌హుద్ తర్వాతి వేసవి.
కోబేలో మా ఓడ డ్రైడాక్ ఎక్కింది.
వండిపెట్టాల్సిన నోళ్ళు సగానికి తగ్గాయి.
ఒక ఆదివారం సెలవు దొరికింది.
జేబులో ఏజెంటు గీసిచ్చిన నాలుగక్షరాల కాగితం:
చదవలేను, చూపించగలను.

రైలు దిగి లిఫ్టెక్కాను, మెట్లెక్కాను, మళ్ళీ లిఫ్టు.
బస్టాపు గాల్లో ఉంది.
కాళ్ళకింద ఎక్కడో రైలు పోతున్న చప్పుడు,
పక్కన సముద్రం, రెండు బెంచీలు,
వేలాడే వంతెన మొదలు.

ఇక్కడ మా కాసులక్క నన్ను ఆపింది.
జాలారిపేట ఇసకలో కూర్చుని
సావళ్ళు తిరగేస్తోంది, చేతులు ఆపలేదు.
"దీవికి బస్సేటిరా, పడవ కదేటి?"
"వంతెనేసారే. నాలుగు కిలోమీటర్లు, తీగల మీద."
"ఊఁ" అంది,
నమ్మినట్టు కాదు, కానియ్యి అన్నట్టు.

బస్సు గడియారంలోంచి ఊడిపడ్డట్టు వచ్చింది.
డ్రైవరు చేతులకి తెల్ల తొడుగులు.
"పెళ్ళికొడుకేటి?"
ఎక్కగానే చీటీ తీసుకోవాలి, చీటీ మీద ఒక అంకె,
ముందున్న పలక మీద ఆ అంకె కింద
దూరం పెరిగేకొద్దీ డబ్బులు పెరుగుతుంటాయి.
కండక్టరుండడు.
"కండక్టర్నేడా! మరి తిట్టీవోడెవుడు?"
అక్క నవ్విన నవ్వుకి
ఎండుచేపల మీది కాకి లేచిపోయింది.

దీవి గురించి ఎక్కువ చెప్పలేకపోయాను.
ఉల్లిపాయల ఊరు. పాకల నిండా కట్టలు కట్టి
వేలాడదీశారు, మనం సావళ్ళు ఎండగట్టినట్టే.
ఒక కొట్లో నూడుల్సు తిన్నాను.
గోడ మీద కూర్చుని సముద్రం చూశాను,
ఏడాదంతా చూసేదే,
కాకపోతే నేల మీంచి.

తిరుగు బస్సు ఎక్కడాగుతుందో తెలీదు.
దిగినచోటే గంటసేపు నిలబడ్డాను,
ఎటుదైనా ఎక్కడో ఆగకపోదులే అని.
ఉల్లిపాకలోంచి ఒక ముసలామె వచ్చింది.
మట్టిచేత్తో నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.
అటు స్తంభానికి ఒక కాగితం,
దాని అడుగున మిగిలిన ఒకే ఒక్క అంకె కింద
గోరుతో గీత గీసింది: ఇదే ఆఖరు.
బస్సొచ్చేదాకా కదల్లేదు.
ఎక్కబోతుంటే చేతిలో రెండు ఉల్లిపాయలు పెట్టింది.

వాళ్ళ మాటలో ఏమనాలో నాకు రాదు.
"ఎల్లొస్తానమ్మా" అన్నాను.
మళ్ళీ రానని తెలుసు.
ఇంకోలా అనడం మా ఇంట్లో నేర్పలేదు.
ఆమె తల వంచింది,
బస్సు మలుపు తిరిగేదాకా ఎత్తలేదు.

అక్క చాలాసేపు మాటాడలేదు.
చివరికి ఒక్కటే అడిగింది:
"ఆ బస్సులో సేపల గంప ఎక్కనిత్తారేటి?"

గుర్తు తెచ్చుకున్నాను. సీట్లు, కిటికీలు,
నా ముందు సీట్లో నిద్రపోయిన బడిపిల్ల.
గంప లేదు.
ఎక్కనివ్వక లేదో, ఎవరూ తేక లేదో.
"సూణ్ణేదక్కా."

మర్నాడు చీకటితోనే
గంపకి రెండో చెయ్యి నేనయ్యాను.
మొదటి బస్సు మమ్మల్ని చూసి వేగం పెంచింది.
రెండోది ఇరవై గజాలు దాటి ఆగింది. పరిగెత్తాం.
"నీళ్ళు కారతన్నాయి, యెనక్కెల్లు" అన్నాడు కండక్టరు.
అక్క నాకు కన్ను గీటింది.
వెనక టైరు మీది సీటు, మధ్యలో గంప, పైన తడి గోనె.
మద్దిలపాలెం దాకా
మా పక్కన ఎవరూ కూర్చోలేదు.

రానుకి కూడా చిల్లర లెక్కపెట్టుకుంటుంటే
నా గుప్పిట మూసేసింది.
"పోనుకే తియ్యి.
వచ్చీటప్పుడు గంప కాళీయే కదా,
నడిసొచ్చీద్దాం.
ఆ ఉల్లిపాయలేటి సేసావో
నువ్వింకా సెప్పనేదు."