బిరడా

ఇంజను ఎడమ చెంప మీద
కోడిగుడ్డు పచ్చసొనంత అల్యూమినియం బిరడా.
అది విప్పితేగానీ లోపలి ఇరుసు తిప్పలేను.
ఇరుసు తిప్పితేగానీ వాల్వుల సందు కొలవలేను.
కొలవకపోతే రేపు కుకావ్ ఎత్తుదారిలో
బండి మళ్ళీ ముసలి గొర్రెలా దగ్గి ఆగుతుంది,
వెనక పెట్టెలో టీకా సీసాల చుట్టూ మంచు
నీళ్ళవుతూ ఉంటే
నేను దారి మధ్య నిలబడి దాన్ని బతిమాలాలి.

మా చిలోయే దీవిలో
వాన ఆగితేనే జనం కిటికీలోంచి తొంగి చూస్తారు, ఏమైందోనని.
ఉప్పుగాలి మేకుల్ని తింటుంది, తలుపు బందుల్ని తింటుంది,
పడవల మీద రాసుకున్న పేర్లని తింటుంది.
ఇక్కడ మరల్లో కూర్చుని
విరిగిన పాలలా తెల్లగా పేరుకుంది.
ఇనప తుప్పు ఎర్రగా కనబడి చెబుతుంది.
ఇది చెప్పని తుప్పు.

ఉప్పు ఒక్కదాని తప్పు కాదులెండి.
దీన్ని చివరిసారి బిగించింది లదిస్లావో,
అప్పట్లో మా ఆయన.
అతను జాము సీసా మూత బిగిస్తే నేను సుత్తి వెతుక్కునేదాన్ని.
కుళాయి బిగిస్తే వాషరు నలిగి చచ్చేది.
మూతి బిగిస్తే ఇక ఆ నెల అంతే.
సాల్మన్ చేపల కొలనుల్లో పనుందని దక్షిణాదికి పోతూ
వీధి తలుపొక్కటే
దగ్గరగా వెయ్యకుండా వెళ్ళాడు.

నూనె పోశాను. రాత్రంతా నానింది. ఉడుంపట్టు.
అల్లెన్ కీ దూర్చి, కీకి గొట్టం తొడిగి, ఒళ్ళంతా వేలాడదీశాను.
బిరడా కదల్లేదు, దాని గుంటలో మూలలు అరిగి
గుండ్రనైపోయాయి.
లోహమేమో మెత్తన, గుణమేమో మొండి.
నేలకేసి కొట్టిన పానా
పొయ్యి కిందకి దొర్లి పోయింది.

ఆ చప్పుడుకి పక్క ఇంటి కర్రమెట్లు దిగి వచ్చాడు
పడవలు కట్టే ఎలియొదోరో బర్రియా.
చేతిలో మాతే బుర్ర, నోట్లో దాని గొట్టం.
చాలాసేపు బిరడానే చూశాడు,
జబ్బుపడ్డ పశువుని చూసినట్టు.
"పాత పలకలోంచి మేకు పీకాలంటే
ముందు ఒక దెబ్బ లోపలికే కొడతాం, ఇస్మేనియా.
బిగించు."
"బిగించాలా?"
"వెంట్రుకవాసి. ఎక్కువొద్దు."

అతని మాతే కోసం కాగుతున్న కెటిలు తెచ్చి
నీళ్ళన్నీ మూత మీద ధారగా పోశాను.
ఆవిరి. కాలిన నూనె వాసన.
బిరడా అంచున ఉలి ఆనించి
అటు, ఎటైతే అక్కర్లేదో అటు,
ఒకటి. రెండు.
మూడో దెబ్బకి
చిన్న చప్పుడు, మెటిక విరిచినట్టు.
ఉలి తిప్పి పెట్టాను.
వచ్చింది.
వేళ్ళతోనే తిరిగి తిరిగి అరచేతిలోకి వచ్చేసింది,
ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదన్నట్టు.

మర మెడ చుట్టూ రబ్బరు రింగు లేదు.
దాని చోట
ఎర్ర ఊలు.
మూడు చుట్లు, పొందిగ్గా, గ్రీజులో ముంచి.

ఆ చలికాలం మరూహా టోపీకి చివరి వరుస చాలలేదు.
మూరెడు ఊలు ఎటుపోయిందని
పిల్లిని రెండు రోజులు తిట్టాను.
ఆ వారమే గాలివానకి పడవలు ఆగాయి,
కాస్త్రోలో కొట్లు మూసేశారు.
ఆ వారంలోనే నేను కుకావ్ వెళ్ళి రావలసి వచ్చింది.
నూనె కారకూడదని
అంత బిగించాడన్నమాట.
ఆ మాట చెబితే ఏం పోయేది?
ఎలియొదోరో గొట్టం పీలుస్తూ సముద్రం వైపు తిరిగాడు.

ఇరుసు తిప్పాను. కిటికీలో గీత గీతకి ఎదురొచ్చింది.
కాగితంలాంటి రేకు వాల్వు కింద దూర్చి లాగితే
కాస్త పట్టి, వదిలింది.
అంతే ఉండాలి.
ఆ మాత్రం సందు లేకపోతే
వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు.

కొత్త రింగు వేసి, మరలకి గ్రీజు రాసి,
రెండు వేళ్ళూ ఒక మణికట్టూ చాలినంత బిగించాను.
ఊలు గ్రీజు డబ్బా మూత మీద పెట్టాను.
పారేద్దామనే.
రెండో తన్నుకి బండి పలికింది.

"నీళ్ళో?" అన్నాడు ఎలియొదోరో, ఖాళీ బుర్ర చాపి.
కెటిలు మళ్ళీ పొయ్యెక్కించాను.